కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్: కక్ష్య అంటే ఏంటో ఈ గేమ్‌తోనే అర్థమైంది

రాకెట్ అంటే నిటారుగా పైకి పోవడమే అనుకునేవాణ్ణి. ఈ గేమ్ ఆడాక తెలిసింది, అసలు కష్టం ఎత్తు కాదు, అడ్డంగా వేగం అందుకోవడం. గేమ్‌లో మనం బయల్దేరే కెర్బిన్ అనే గ్రహం మీద 70 కిలోమీటర్లు దాటితే గాలి ఉండదు, కానీ సెకనుకు దాదాపు 2,300 మీటర్ల వేగం రాకపోతే మళ్లీ కిందికే పడతాం.

నాకు బాగా నచ్చింది మాన్యూవర్ నోడ్. ఎక్కడ ఇంజిన్ మండిస్తే దారి ఎలా మారుతుందో గీత గీసి చూపిస్తుంది. గ్రహానికి దగ్గరగా, వేగం ఎక్కువగా ఉన్నప్పుడు మండిస్తేనే లాభం ఎక్కువ. 2013 నవంబర్‌లో మంగళయాన్‌కి ఉన్న 440 న్యూటన్ల చిన్న ఇంజిన్‌తో ఇస్రో భూమి చుట్టూ తిప్పుతూ విడతలవారీగా కక్ష్య పెంచింది కదా, ఆ కిటుకు ఇక్కడ మన చేతులతోనే చేసి చూడొచ్చు, ఎంత ఆనందమో!

లోటు ఒకటుంది. ఒకసారికి ఒక్క గ్రహం లేదా సూర్యుడి ఆకర్షణే లెక్కేస్తుంది, అందుకే సూర్యుడు, భూమి రెండిటి ఆకర్షణ మీదా ఆధారపడే ఆదిత్య-ఎల్1 లాంటి ప్రయాణం మామూలు గేమ్‌లో కుదరదు, ప్రిన్సిపియా అనే మాడ్ (అభిమానులు చేసిన అదనపు ప్రోగ్రామ్) వేసుకోవాలి.

ఇంటర్ ఫిజిక్స్ చదివే పిల్లలకి తప్పకుండా కొనివ్వండి. మొదటి భాగమే తీసుకోండి, 2023లో వచ్చిన రెండోది పూర్తికాకుండానే ఆగిపోయింది.