మూట ఒకేసారా, నెలనెలా కొంచెమా, లేక ఒక ఆవా?

పేదింటికి సాయం అనగానే ఎవరో ఒకరు "డబ్బు చేతికిస్తే తాగేస్తారండీ" అంటారు. ఆ మాట కాసేపు పక్కన పెట్టేద్దాం, ఎందుకంటే కెన్యాలో దాన్ని లెక్క వేసి మరీ చూశారు. 2011-13 మధ్య పడమటి కెన్యాలోని రరియెడా పల్లెల్లో కొన్ని ఇళ్లకు లాటరీ పద్ధతిలో డబ్బు ఇచ్చి, ఇవ్వని ఇళ్లతో పోల్చారు. మందుకీ పొగాకుకీ పెట్టే ఖర్చు పెరగలేదు. అసలు తేల్చుకోవాల్సింది ఇచ్చేదేదో ఒకేసారి ఇవ్వాలా, నెలనెలా ఇవ్వాలా, డబ్బు కాకుండా ఆవునో మేకల్నో ఇవ్వాలా అన్నది. నా ఓటు చివరిదాకా దాచను, ఒకేసారికే. కాకపోతే ఆ ఓటు వేయడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది, అదెందుకో కూడా చెప్తాను.

ముందు ఊరి సంగతి. రరియెడా ఉండేది సియాయా కౌంటీలో, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. విక్టోరియా సరస్సు పక్కన, ఎక్కువమంది లువో తెగ జనం. మొక్కజొన్న పండిస్తారు, ఆ పిండితోనే ఉగాలి వండుతారు, మన సంకటికి చుట్టం అనుకోండి. పక్కన సుకుమా వికి అనే ఆకుకూర, ఉంటే ఒమెనా అనే చిన్న చేపలు. సుకుమా వికి అంటే "వారం నెట్టుకురావడం" అని అర్థమట, ఒక కూర పేరులోనే ఆ ఇంటి బడ్జెట్ అంతా ఉంది. గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ ఈ పల్లెల్లోనే ఏళ్ల తరబడి నగదు పంచింది. డబ్బు ఫోన్‌కే వస్తుంది, 2007లో మొదలైన ఎం-పెసా ద్వారా. పెసా అంటే స్వాహిలీలో డబ్బు, మన పైసాకి దూరపు బంధువు అంటారు. మెసేజ్ వచ్చాక దగ్గర్లోని ఏజెంట్ కొట్టుకి నడిచి వెళ్లి నోట్లు తీసుకోవడమే, మధ్యలో సర్పంచూ లేడు, సంతకాల ఫైలూ లేదు.

ఇక ఒకేసారి ఇవ్వడం గురించి. ఇది అర్థం కావాలంటే ఇంటి కప్పు చూడాలి. రరియెడా తర్వాత ఇదే కౌంటీలో గివ్‌డైరెక్ట్‌లీ డబ్బు మీద 653 ఊళ్లలో జరిగిన పెద్ద అధ్యయనంలో డబ్బుకి అర్హత ఏంటో తెలుసా, ఇంటికి గడ్డి కప్పు ఉండటం. రేషన్ కార్డూ కాదు, ఆదాయ సర్టిఫికెట్టూ కాదు, తలెత్తి చూస్తే తెలిసిపోతుంది. పూరింట్లో పుట్టి పెరిగిన వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, వాన పడ్డ రాత్రి పక్కబట్టలు చుట్టి పొడిగా ఉన్న మూలకి లాక్కోవడం, ఎక్కడ కారుతుందో తెలుసు కాబట్టి గిన్నె అక్కడే పెట్టడం, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ గడ్డి కొని మళ్లీ కప్పించడం. గడ్డి చవక అంటారు గానీ పదేళ్ల ఖర్చు కూడితే చవకేం కాదు. రేకులు వేస్తే ఆ బాధ ఏళ్ల తరబడి ఉండదు, పైగా రేకు మీద పడ్డ వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకోవచ్చు, అంటే ఆడపిల్ల బిందె పట్టుకుని నడిచే దూరం కొంత తగ్గుతుంది. అక్కడ రేకుని మబాటి అంటారు. ఒక్క మబాటి అయితే ఎలాగో కొంటారు, ఇల్లంతటికీ సరిపడా రేకులు, కలప, మేకులు, వడ్రంగి కూలి, ఇవన్నీ ఒకే వారంలో కావాలి. రోజు కూలి మీద బతికే ఇంటికి ఆ మొత్తం ఎప్పటికీ ఒకచోట చేరదు. అందుకే రరియెడాలో డబ్బు వచ్చిన ఇళ్ల మీద రేకులు లేచాయి, ఒకేసారి అందిన వాళ్లు ఇలాంటి పెద్ద వస్తువుల వైపు ఎక్కువ మొగ్గారు.

అదే అధ్యయనంలో నెలనెలా అందుకున్న వాళ్ల దగ్గర బాగుపడింది కంచం. పూట తప్పించడం తగ్గింది. నా ఇబ్బంది ఇదే. పాత పంట అయిపోయి కొత్త పంట చేతికి రాని నెలల్లో ఆకలితో ఉన్న తల్లికి "నీకు రేకులు మేలమ్మా" అని చెప్పడానికి నేనెవర్ని?

కానీ కథ ఇక్కడితో అయిపోలేదు. అదే సంస్థ 2018 ప్రాంతంలో ఇంకో పెద్ద ప్రయోగం మొదలుపెట్టింది. కొన్ని ఊళ్లలో ప్రతి పెద్ద మనిషికీ నెలకి 22.50 డాలర్లు, అప్పటి రేటుకి మన పదిహేను వందల రూపాయలకి అటూఇటూ, 12 ఏళ్లపాటు. కొన్ని ఊళ్లలో నెలకి అంతే, కానీ రెండేళ్లు మాత్రమే. ఇంకొన్నింట్లో సుమారు 500 డాలర్లు ఒకేసారి. రెండేళ్లు గడిచాక చూస్తే ఒకేసారి అందిన వాళ్లూ, 12 ఏళ్ల మాట ఉన్న వాళ్లూ కొట్టులూ చిన్న వ్యాపారాలూ ఎక్కువ పెట్టారు. వెనకబడింది రెండేళ్లు నెలనెలా తీసుకున్న వాళ్లు. మరి 12 ఏళ్ల వాళ్లకి కూడా నెలనెలా వచ్చేది అంతే కదా, వాళ్లకి పెట్టుబడి ఎక్కడిది?

చీటీలు వేసుకున్నారు. మన ఊళ్లలో పాడుకునే చీటీయే, పాట లేదు గానీ. పదిమంది చేరి నెలకింత వేస్తే ఈ నెల ఒకరికి, వచ్చే నెల ఇంకొకరికి, వంతులవారీగా. కెన్యాలో ఇలాంటి బృందాల్ని చామా అంటారు, ఆడవాళ్ల గుంపుల్లో ఈ వంతుల పద్ధతికి మెర్రీ-గో-రౌండ్ అని పేరు. అంటే నెలకి కొంచెం కొంచెం ఇస్తే జనం తమంతట తామే దాన్ని మూటగా మార్చుకున్నారు. ఇది చదివినప్పుడే నా ఓటు ఖాయమైపోయింది. వాళ్లకి కావాల్సింది ఏంటో వాళ్లే చేసి చూపిస్తుంటే మనం ఇంకా చుక్కలు చుక్కలుగా పోయడం ఎందుకు? చీటీలో చేరాలంటే ఏళ్ల తరబడి డబ్బు వస్తుందన్న ధైర్యం ఉండాలి, రెండేళ్లే అని తెలిసిన వాళ్లకి ఆ ధైర్యం ఎక్కడిది. నెలనెలా అయితే చాలా ఏళ్లు ఇవ్వాలి, లేదంటే ఒకేసారి ఇచ్చి వదిలేయాలి. మధ్యరకం రెండేళ్ల పథకమే, నా లెక్కలో, అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది. ప్రభుత్వాలకీ దాతలకీ అదే ముద్దు అనుకోండి, ఎందుకంటే బడ్జెట్లో చక్కగా ఇముడుతుంది.

ఆవు గురించి తొందరగా చెప్పేస్తాను. ఫొటోకి ఆవు బాగుంటుంది, దాతకి తృప్తిగా ఉంటుంది. కానీ ఆవుకి మేత కావాలి, నీళ్లు మోయాలి, ఆ ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే ఈస్ట్ కోస్ట్ ఫీవర్ ఒకటుంది, మందు ఆలస్యమైతే పశువు పోతుంది, అప్పుడు సాయం మొత్తం ఒక్క రాత్రిలో గుంటలోకి. పశువుతో పాటు శిక్షణ, కొన్ని నెలల తిండి ఖర్చు, పొదుపు, వారం వారం వచ్చి పలకరించే మనిషి, ఇవన్నీ కలిపి ఇస్తే మాత్రం ఫలితం నిలిచింది, ఇథియోపియా, ఘనాతో సహా ఆరు దేశాల్లో చూశారు. మేకల్ని మాత్రమే ఇచ్చి వదిలేస్తే ఏమవుతుందో ఘనాలో విడిగా పరీక్షించారు, అది నిలవలేదు. తెలంగాణలో 2017లో యూనిట్‌కి 20 గొర్రెలు, ఒక పొట్టేలు పంచినప్పుడు కొన్ని మళ్లీ సంతకే చేరిన కథలు మనం వినలేదా? గొర్రె కన్నా డబ్బే అవసరమైన ఇల్లు గొర్రెని డబ్బుగా మార్చుకుంటుంది, మధ్యలో దళారీ కూడా తింటాడు. అంతకన్నా నేరుగా డబ్బే ఇవ్వచ్చుగా.

సరే, ఊళ్లో కొందరికే ఇస్తే మిగతావాళ్ల సంగతి? ఆ 653 ఊళ్లలో 10,500కి పైగా ఇళ్లకి తలా సుమారు 1,000 డాలర్లు, మూడు విడతలుగా అందాయి. ఏడాది ఇంటి ఖర్చులో దాదాపు ముప్పావు వంతు ఉండే మొత్తం అది. పంచిన ఒక్కో డాలర్‌కీ ఆ ప్రాంతంలో సుమారు రెండున్నర డాలర్ల పని జరిగింది, రేకులు బిగించే వడ్రంగికి, పిండి మరకి, కిరాణా కొట్టుకి అందరికీ చేరి. ధరలు మండిపోతాయని నేనూ అనుకున్నాను, పెరిగింది 0.1 శాతం. అదే డబ్బు మీద తర్వాత వచ్చిన ఇంకో లెక్క చూస్తే, ఏడాది లోపు పసిపిల్లల మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆసుపత్రి దగ్గర్లో ఉన్న చోట మేలు ఎక్కువ, నెలలు నిండిన తల్లులు పొలం పని తగ్గించుకోగలిగారు. అలాగని అంతా నున్నగా జరగలేదు. పక్కింటికి వచ్చి తనకి రానివాడి గుండె మంట ఎలా ఉంటుందో మనకి తెలియంది కాదు. హోమా బే కౌంటీలో అయితే చాలామంది డబ్బే వద్దన్నారు, ఊరికే ఇన్ని వేలు ఎవరిస్తారు, ఇది దయ్యం డబ్బు అని పుకారు. 2022లో కాంగోలో ఇదే సంస్థ సిబ్బందే సిమ్‌లు మార్చేసి దాదాపు 9 లక్షల డాలర్లు కాజేశారు. ఏ పద్ధతిలో ఇచ్చినా ఈ కాపలా ఖర్చు తప్పదు.

కాబట్టి నన్నడిగితే ఒకేసారి, కానీ ఎప్పుడు ఇస్తారన్నది చూసుకోవాలి. కెన్యాలో బడి జనవరిలో తెరుస్తారు, పెద్ద వానలు మార్చిలో మొదలవుతాయి. ఆకలి బాగా ఉండే నెలలకి సరిపడా కొంత ముందే విడిగా ఇచ్చేసి, పెద్ద మొత్తం ఏ నెలలో వస్తుందో కూడా అప్పుడే చెప్పేసి, ఫీజులు కట్టేశాక, వానలు పడకముందు, ఫిబ్రవరిలో ఫోన్‌కి వేస్తే, మొదటి వాన పడే రోజుకి రేకులు పైన ఉంటాయి, గిన్నె పొయ్యి మీద ఉంటుంది.