మారిషస్ చెరకు బంగళాల్లో కోరంగి జాడ

మారిషస్ వెళ్తున్నామంటే బీచ్‌ల గురించే అడిగారందరూ. మాది కాకినాడ వైపు. కోరంగి రేవులో ఓడలెక్కి అక్కడి చెరకు తోటలకు వెళ్ళిన మనవాళ్ళకు ‘కొరింగీలు’ అనే పేరు పడిందని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అందుకే అమ్మా నేనూ రెండు రోజులు పాత ఎస్టేట్లకే పెట్టుకున్నాం.

ముందుగా ఉత్తరాన మాపు అనే ఊళ్ళోని లాబూర్దొనే బంగళా. తోటల యజమాని క్రిస్టియన్ వీహే కట్టించిన ఈ ఇల్లు 1859లో పూర్తయింది. ఇటాలియన్ పోకడ, రెండంతస్తుల్లోనూ స్తంభాల వరండాలు. 2006 నుంచి 2010 వరకు బాగుచేశారు. చాలా శుభ్రంగా ఉంది, పళ్ళతోట చూడ్డానికే సగం పూట కావాలి.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం మోకా అనే ఊళ్ళోని యురేకా బంగళా. 1830 నాటి ఇల్లు, తలుపులూ కిటికీలూ కలిపి 109! మన మండువా ఇంట్లో గాలీ వెలుతురూ నడిమధ్య నుంచి దిగుతాయి. ఇక్కడ అంతా బయటివైపు నుంచే. చుట్టూ ఉన్న వెడల్పాటి వరండా ఎండనూ వాననూ గోడల దాకా రానివ్వదు. వంటిల్లు విడిగా, రాతి కట్టడం. అమ్మ అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. పొయ్యి దగ్గర నుంచి భోజనాల గదికి ఆ గిన్నెలన్నీ ఎవరు మోసుకెళ్ళేవారో అని.

బో ప్లాన్‌లో 1999లో మూతపడిన చక్కెర మిల్లునే మ్యూజియం చేశారు. పాత యంత్రాలు అలాగే ఉన్నాయి. పిల్లలుంటే ఇది వదలొద్దు, చివర్లో రకరకాల చక్కెరలు రుచి చూపిస్తారు.

కానీ పోర్ట్ లూయిస్ రేవులో వలస కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్ చూశాకే ఆ బంగళాలు నాకు పూర్తిగా అర్థమయ్యాయి. 1834లో మొదలైన వలసలో మన దేశం నుంచి నాలుగున్నర లక్షల మందికి పైగా వచ్చారు. మగకూలీకి నెలకు 5 రూపాయలు. ఒక్కరోజు పని మానితే రెండు రోజుల కూలి కోత. వాళ్ళు ఎక్కివచ్చిన 16 రాతిమెట్లు ఇంకా ఉన్నాయి. మీరు వెళ్తే ఘాట్ ముందు చూసి, తర్వాత బంగళాలకు వెళ్ళండి.

బస విషయం. మొదట దిగిన బీచ్ హోటల్లో గది బాగుంది గానీ టాక్సీకి ముందు చెప్పినదానికి దాదాపు రెట్టింపు తీసుకున్నారు, ఆ టెన్షన్ వేరే. తర్వాత రెండు రాత్రులు ఊళ్ళో ఒక ఇంట్లో ఉన్నాం. గది చిన్నదే, ఏసీ లేదు. అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను. ఆ ఇంటి పెద్దావిడ ముత్తాత తెలుగువాడట. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు అని ఎంత సంతోషంగా చెప్పిందో! ఆవిడకు తెలుగులో మాట్లాడటం రాదు, రామ భజనలు మాత్రం వచ్చు. రాత్రి భోజనాలయ్యాక ఒకటి ఎత్తుకుంది. రెండో చరణానికి అమ్మ గొంతు కలిపింది.