వడ్లు కొనడం మేలా, ఎకరానికి డబ్బు ఇవ్వడం మేలా, అప్పు మాఫీ మేలా?

వ్యవసాయం గురించి రాస్తానని తెలిసినవాళ్లు ఎక్కడ కలిసినా ఇదే అడుగుతున్నారు. రైతు కోసం పక్కన పెట్టే డబ్బుని మద్దతు ధర ఇచ్చి పంట కొనడానికి వాడాలా, పీఎం కిసాన్ లాగా ఖాతాలో వెయ్యాలా, అప్పులు మాఫీ చెయ్యాలా? పట్నంలో ఉండేవాళ్లు ఇంకో మాట కలుపుతారు: ఇందులో మాకేం ఒరుగుతుంది? అది కూడా అడగాల్సిన ప్రశ్నే. డబ్బు వాళ్ల పన్నుల్లోంచే వస్తోంది, వాళ్ల కంచంలోకి ఏం వస్తుందో కూడా ఇక్కడే తేలుతుంది.

నేను మాత్రం ఏ పథకాన్నైనా ఒక్క విషయంతో కొలుస్తాను. డబ్బు పట్టాదారు పాస్‌బుక్కు వెంట పోతోందా, పంట వెంట పోతోందా? మా చిన్నాన్నకి సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. కౌలుకిచ్చిన ఆసామి హైదరాబాద్‌లో ఉంటారు. ఐదెకరాల్లోనూ దిగేది, మందు చల్లేది, నీళ్లు పెట్టేది చిన్నాన్నే. కాగితం మీద మాత్రం ఆయన రెండెకరాల రైతు.

ముందు ఎకరానికి ఇచ్చే సాయం సంగతి. తెలంగాణలో 2018 మేలో రైతు బంధు వచ్చింది, పంటకి ఎకరానికి 4 వేలు. మరుసటి ఏడాది అది 5 వేలైంది. ఇప్పుడు రైతు భరోసా పేరుతో పంటకి 6 వేలు. కేంద్రం 2019 ఫిబ్రవరిలో పీఎం కిసాన్ మొదలుపెట్టింది, ఏడాదికి 6 వేలు, మూడు విడతల్లో. ఆంధ్రలో అన్నదాతా సుఖీభవ కింద ఆ 6 వేలతో కలిపి ఏడాదికి 20 వేలు ఇస్తామన్నారు. వీటిలో ఉన్న మంచిని తక్కువ చెయ్యను. నాట్లకి ముందు చేతిలో డబ్బు పడితే విత్తనాల షాపులో అప్పు పెట్టే పని ఉండదు. నడుమ ఎవరి చెయ్యీ తడపక్కర్లేదు. మొదటిసారి రైతు బంధు చెక్కు అందుకున్న రోజు మా చిన్నమ్మ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కానీ ఆ మూడెకరాల డబ్బు హైదరాబాద్‌లో ఉన్న ఆసామి ఖాతాలో పడుతుంది. ఆయన కౌలేమీ తగ్గించలేదు, మా ఊళ్లో తగ్గించినవాళ్లెవరూ లేరు. రైతు బంధుకి ఎకరాల పరిమితి కూడా లేకపోయింది కాబట్టి, ఎంత పెద్ద భూమి ఉంటే అంత పెద్ద సాయం. పీఎం కిసాన్ 6 వేలు మొదలై ఆరేళ్లు దాటినా 6 వేలుగానే ఉంది. ఈలోగా ట్రాక్టర్ కిరాయి, కూలి రేటు ఎంత పెరిగాయో ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. సాగు చేసే పేరు మీద ఇవ్వడం కుదరని పనేమీ కాదు. ఒడిశా 2018 చివర్లో తెచ్చిన కాలియా పథకంలో భాగస్వామ్య సాగుదారులకీ, భూమిలేని కుటుంబాలకీ చోటు ఇచ్చారు.

రుణమాఫీ గురించి ఎక్కువ చెప్పను. 1990లో ఒకసారి, 2008లో ఒకసారి దేశమంతా చేశారు. 2014లో రెండు తెలుగు రాష్ట్రాలూ విడతల్లో చేశాయి, 2024లో తెలంగాణ 2 లక్షల వరకు చేసింది. గొంతు దాకా మునిగినవాడికి అది ఊపిరే, కాదనను. అయితే మాఫీ అయ్యేది బ్యాంకు అప్పు. పాస్‌బుక్కు లేని కౌలు రైతుకి బ్యాంకు పంట రుణం దొరకడమే కష్టం. ఆయన అప్పు మందుల కొట్లోనో, వడ్డీ వ్యాపారి దగ్గరో ఉంటుంది, దాన్ని ఏ ప్రభుత్వమూ మాఫీ చెయ్యలేదు. కౌలు రైతుకి రుణ అర్హత కార్డు ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే చట్టం చేశారు. అది గట్టిగా అమలై ఉంటే ఈ పేరా రాయాల్సిన పని ఉండేది కాదు. 2018-19 జాతీయ నమూనా సర్వేలో దేశంలో ఒక్కో వ్యవసాయ కుటుంబం మీద సగటు అప్పు 74,121 రూపాయలు. తెలంగాణలో 1,52,113, ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554. 2014లో మాఫీ చేసిన రాష్ట్రాల లెక్క ఇది. పంట అమ్మినప్పుడు ఖర్చు తిరిగి రాకపోతే అప్పు మళ్లీ పుడుతూనే ఉంటుంది.

అందుకే నా మొగ్గు మద్దతు ధరకి కొనడం వైపే. ధర ప్రకటించి ఊరుకోవడం కాదు, కల్లం దగ్గర కాంటా పెట్టి కొనడం. మొన్న యాసంగిలో చిన్నాన్నతో పాటు నేనూ కొనుగోలు కేంద్రం దగ్గర నాలుగు రాత్రులు పడుకున్నాను. పొద్దున వడ్లు పరిచి కాళ్లతో నెరపడం, సాయంత్రం కుప్ప చేసి పరదా కప్పడం, మబ్బు పడితే నిద్ర లేచి అంచుల మీద రాళ్లు పెట్టడం. మూడో రోజు తేమ మిషన్లో గుప్పెడు వడ్లు పోస్తే 18.4 చూపించింది. కొనాలంటే 17 శాతం లోపు రావాలి, మళ్లీ పరిచాం. ఆ మధ్యాహ్నమే ఒక బేరగాడు బండి మీద వచ్చి, తేమతో పని లేదు, క్వింటాలుకి 2,000 ఇస్తానన్నాడు. ఆ ఏడాది (2024-25) మద్దతు ధర గ్రేడ్-ఎ వడ్లకి 2,320. ఎకరానికి 25 క్వింటాళ్లు అయ్యాయి. తేడా ఎకరానికి 8 వేలు, ఐదెకరాలకి 40 వేలు. రెండెకరాల మీద ఆయనకి అందిన భరోసా 12 వేలు. చిన్నాన్న లెక్క వేసుకోలేదు, బేరగాడికి తల అడ్డంగా ఊపి పరదా సర్దుకున్నాడు.

అక్కడ జరిగిన అన్యాయం కూడా చెప్పాలి. కాంటా మీద సంచి బరువు పోను 40 కిలోల బస్తాకి ఇంకో 2 కిలోలు తరుగు కింద ఎక్కువ తూచారు. అదేమని అడిగితే తాలు ఉంది, మిల్లు దించుకోదు అన్నారు. ఆ 2 కిలోలు ఎకరానికి క్వింటాలు దాటుతుంది, 2,700 రూపాయల పైమాట. ఐదెకరాలకి కలిపితే 13 వేలు దాటింది. అంటే ఒక చేత్తో ఇచ్చిన భరోసా అంతా కాంటా దగ్గరే పోయింది. ఇంకోటి, మూడెకరాల వడ్లు ఆసామి పాస్‌బుక్కు మీద రాశారు, డబ్బు ఆయన ఖాతాలో పడింది. మంచాయన కాబట్టి కౌలు పట్టుకుని మిగతాది పంపారు, కానీ అది చేతికొచ్చేసరికి ఇంకో పదకొండు రోజులు. పంట నమోదులో సాగు చేసేవాడి పేరు రాసి, ఆ పేరు మీదే కొంటే ఈ రెండోది ఒక్క సీజన్లో తీరిపోతుంది. భూమి హక్కుకీ దానికీ సంబంధం లేదని చట్టంలోనే రాసివ్వచ్చు, అప్పుడు ఆసాములూ భయపడరు.

మద్దతు ధరకి ఉన్న పెద్ద లోపం వేరే. కేంద్రం 22 పంటలకి ధర ప్రకటిస్తుంది, గట్టిగా కొనేది వడ్లు, గోధుమలే. మిర్చి, పసుపు ఆ జాబితాలోనే లేవు. 2025లో గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయినప్పుడు క్వింటాలుకి 11,781 అని కేంద్రం విడిగా ప్రకటించాల్సి వచ్చింది. కొనేది వడ్లే అయినప్పుడు అందరూ వరే వేస్తారు. 2021లో ఉప్పుడు బియ్యం (వడ్లు ఉడకబెట్టి ఆడించినవి) ఇక తీసుకోబోమని కేంద్రం అన్నప్పుడు మా ఊళ్లో ఎంత దిగులుపడ్డారో చూశాను. యాసంగి ఎండకి వడ్లు మరాడిస్తే నూక ఎక్కువవుతుంది, ఉప్పుడు చెయ్యక తప్పదు. ఆ ఏడాది యాసంగిలో వరి వెయ్యొద్దని రాష్ట్రం చెప్పింది. వెయ్యొద్దంటే ఏం వెయ్యాలి, దాన్ని ఎవరు కొంటారు? కంది, నువ్వు, పల్లి ఇదే ధీమాతో కొంటే వరి దానంతటదే తగ్గుతుంది. మనం తినే నూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచే వస్తోంది. కంది దిగుమతి మీద 2021లో పరిమితి ఎత్తేశారు, 2023లో సుంకం కూడా తీసేశారు.

పట్నంవాళ్ల ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఖాతాలో వేసిన డబ్బుతో రైతు ఇల్లు గడుస్తుంది, మాఫీతో బ్యాంకు లెక్క సరిపోతుంది. కొన్న పంట ఒక్కటే రేషన్ షాపుకి వస్తుంది. తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకి క్వింటాలుకి 500 బోనస్ ఇచ్చి, 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్న బియ్యం ఇస్తున్నారు. అంతకుముందు మా వాడలో దొడ్డు బియ్యం తెచ్చుకుని అమ్ముకునేవాళ్లు ఎక్కువ, ఇప్పుడు వండుకుంటున్నారు. కర్ణాటకలో రాగులు కొని రేషన్లో ఇస్తున్నారు. ఒడిశాలో 2018-19 నుంచి గిరిజన రైతుల రాగులు మద్దతు ధరకి కొని, అంగన్‌వాడీ పిల్లలకి లడ్డూలు చేసి పెడుతున్నారు. 2013 ఆహార భద్రతా చట్టం ఉంది, పంపిణీ దారి ఉంది. ఆ దారిలో కందిపప్పు, పల్లినూనె నడిపిస్తే పండించినవాడికీ తిన్నవాడికీ ఒకే డబ్బు రెండుసార్లు పనికొస్తుంది.

ధర ఎంత ఉండాలనే దానిలో కూడా కౌలు మాట దాగి ఉంది. 2025-26కి వడ్ల సాగు ఖర్చు క్వింటాలుకి 1,579 అని లెక్కగట్టి, దాని మీద సగం కలిపి 2,369 ఇచ్చారు. ఆ ఖర్చులో చెల్లించిన కౌలు ఉంటుంది, కానీ సొంత పొలం చేసేవాళ్లతో కలిపి సగటు తీస్తారు కాబట్టి చిన్నాన్న కట్టే కౌలు అందులో పలచబడిపోతుంది. సొంత భూమికి కూడా కౌలు విలువ కట్టే సీ2 లెక్కని రైతు సంఘాలు అడిగేది అందుకే. ధర పెరిగితే ఆసాములు కౌలు పెంచుతారు కదా అంటారు. పెంచుతారు, కొంత. అయినా అమ్మకం దున్నేవాడి పేరు మీద ఉంటే బేరమాడే బలం ఆయనకి ఇప్పటికంటే ఎక్కువే ఉంటుంది.

మిగతావి క్లుప్తంగా. మద్దతు ధరకీ మార్కెట్ ధరకీ ఉన్న తేడాని రైతుకి చెల్లించే పద్ధతిని మధ్యప్రదేశ్ 2017లో భావాంతర్ పేరుతో పెట్టింది. కొనే నాథుడు లేకుండా తేడా ఒక్కటే ఇస్తే వ్యాపారికి ధర పెంచే అవసరం ఉండదు. పంటల బీమా ఉండాలి, కానీ అది నష్టానికి మందు, ఆదాయం కాదు. ఎరువుల సబ్సిడీ నడుస్తోంది, నడవనివ్వండి.

ఉన్న భరోసా తీసెయ్యమంటావా అని మా బావ అడిగాడు. వద్దు. ఐదెకరాలకి పరిమితి పెట్టి, పంట నమోదులో ఉన్న పేరుకి ఇవ్వాలి, మిగిలిన డబ్బు కొనుగోలుకి మళ్లించాలి. కంది, మినుము, ఎర్ర పప్పు (మసూర్) రైతులు ఎంత తెస్తే అంత నాలుగేళ్లు కొంటామని 2025 బడ్జెట్లో కేంద్రం చెప్పింది, ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్ల దగ్గర. చిన్నాన్న ఈ వానాకాలం కౌలు పొలంలో ఒక ఎకరం కంది వేశాడు. నమోదుకి వెళ్తే పాస్‌బుక్కు అడిగారు.