వంద వాట్లా, ఎనిమిది వాట్లా: మన ఫ్లాట్‌కి ఏది మేలు?

కోఠి గుజరాతీ గల్లీలో ఆంప్లిఫయర్ అడగండి, "ఎన్ని వాట్స్ సార్?" అంటారు. మీ స్పీకర్ సెన్సిటివిటీ ఎంతో తెలియకుండా దానికి జవాబు చెప్పలేం. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో ఆ అంకె చెబుతుంది. (పెట్టె మీద గొప్పగా వేసే పీఎంపీవో, అంటే క్షణకాలపు గరిష్ఠ పవర్ అంకెల్ని అసలు చూడకండి.)

మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్‌కి (అరలో పట్టే చిన్నదానికి) అది 87 అనుకుందాం. కూకట్‌పల్లిలో టూ బీహెచ్‌కే హాలు, మూడు మీటర్ల దూరంలో సోఫా. దూరం వల్ల కొంత తగ్గినా, రెండు స్పీకర్లూ గోడలూ కలిసి కొంత పెంచుతాయి కాబట్టి సోఫా దగ్గర వాట్‌కి ఓ 84 అందుతుంది. హాయిగా వినడానికి సగటున 77 చాలు. అంటే ఖర్చయ్యేది వాట్‌లో అయిదో వంతే! మరి వంద ఎందుకంటే, బాగా రికార్డు చేసిన కచేరీలో మృదంగం దెబ్బ సగటు కన్నా 20 డెసిబెల్స్ పైకి లేవొచ్చు. 20 డెసిబెల్స్ అంటే పవర్ వంద రెట్లు, అంటే 20 వాట్లు. ఎనిమిది వాట్ల ట్యూబ్ ఆంప్ (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచేది) అక్కడ చేతులెత్తేస్తుంది, సౌండ్ పగులుతుంది. వంద వాట్లది తొణకదు. కాకపోతే యాభై నుంచి వందకి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే. పక్క ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టేది అంతకు ముందే.

అదే 97 సెన్సిటివిటీ ఉన్న హార్న్ స్పీకర్లయితే (బాకాలాంటి నోరున్నవి) ఆ దెబ్బకి రెండు వాట్లు సరిపోతాయి. 300బి అనే ఒక్కో ట్యూబే ఒక్కో స్పీకర్‌ని నడిపే సింగిల్ ఎండెడ్ ఆంప్ ఇచ్చే ఎనిమిది వాట్లు అప్పుడు దండిగా ఉన్నట్టే. గొంతు మన ముందు కూర్చుని పాడినట్టు ఉంటుంది, నాకు మనసు అటే లాగుతుంది. కానీ ఆ స్పీకర్లు హాల్లో చాలా చోటు తింటాయి, ఇంట్లో ఒప్పించడం ఇంకో కథ.

తక్కువ వాట్లంటే కరెంటు బిల్లు తగ్గుతుందనుకునేరు. క్లాస్ ఏ ఆంప్ (ఈ సింగిల్ ఎండెడ్‌వి ఆ రకమే) పాట ఉన్నా లేకున్నా కరెంటు ఒకేలా లాగుతుంది, అందులో ఎక్కువ భాగం వేడే. మే నెలలో ఏసీ వేసుకుని మరీ వినాలి. కరెంటు ఆదాకి, చాలా తక్కువ వేడెక్కే క్లాస్ డీ రకం ఆంపే దారి.

నా లెక్కలో, ఉన్న స్పీకర్లు మార్చనివాళ్లకి 30 నుంచి 50 వాట్లు మేలు. సినిమాలు దద్దరిల్లాలంటే వంద ఉంచుకోండి. ఎక్కువగా ఘంటసాల, సుశీల పాత పాటలే వింటారా? వాటిలో హెచ్చుతగ్గులు తక్కువ, ఎనిమిది వాట్లతో 87 స్పీకర్ కూడా సర్దుకుంటుంది, ఆంప్ నుంచి ఎక్కువ కరెంటు లాగే నాలుగు ఓమ్స్‌ది కాకపోతే. చిన్న ఆంప్‌ని మాత్రం పగిలేదాకా పెంచొద్దు, ట్వీటర్ (సన్నని కీచు స్వరాలు పలికే చిన్న స్పీకర్) కాలేది అలాగే. పాత ఆంప్ అమ్మేముందు ఒక ఎండాకాలం పాతదీ కొత్తదీ ఇంట్లో ఉంచుకుని చూడండి.