డలోనెగానా, మాడిసనా? చుట్టాలకి ఏ ఊరు చూపిస్తే మేలు

వేసవి వచ్చిందంటే ఇదే ప్రశ్న. అమ్మానాన్నలో అత్తమామలో ఇండియా నుంచి దిగుతారు. అట్లాంటాలో అక్వేరియం, కోకాకోలా మ్యూజియం అయిపోతాయి. ఆ తర్వాత “ఇక్కడి పాత ఊరు ఏదన్నా చూపించండి” అంటారు. అట్లాంటాకి ఉత్తరాన ఉన్న డలోనెగాకి తీసుకెళ్ళాలా, తూర్పున ఉన్న మాడిసన్‌కా? రెండూ కౌంటీ కేంద్రాలే, అంటే మన జిల్లా కేంద్రాల్లాంటివి, కోర్టు ఉండే ఊళ్ళు. జార్జియాలో 159 కౌంటీలున్నాయి కాబట్టి ఇలాంటి కోర్టు ఊళ్ళకి కొదవ లేదు, కానీ అందరూ అడిగేది ఈ రెండింటి గురించే.

సరదాకయితే డలోనెగా. 400 హైవే ఎక్కితే దాదాపు ఊరి దాకా తీసుకెళ్తుంది. చౌరస్తా నడుమ 1836 నాటి కోర్టు భవనం ఉంది, ఇప్పుడది గోల్డ్ మ్యూజియం. దాని ఇటుకల మట్టిలోనే బంగారు రజను ఉందని చెప్తారు. పళ్ళెంలో ఇసుక కడిగి బంగారం ఏరే ఆట దగ్గర్నుంచి పిల్లలు ఒక పట్టాన కదలరు.

నేను మాత్రం వేరే సంగతి చూస్తాను. ఊళ్ళో బాగుపడ్డవాళ్ళతో పాటు, ఎవరి మీద పడి బాగుపడ్డారో వాళ్ళు కూడా కనిపిస్తారా? డలోనెగా నేల ఇక్కడి మూలవాసులైన చెరొకీలది. బంగారం పడిందన్న వార్త 1829లో పాకింది, జనం ఎగబడ్డారు. 1832లో రాష్ట్ర ప్రభుత్వం ఆ నేలని 40 ఎకరాల ముక్కలుగా కోసి తెల్లవాళ్ళకి లాటరీలో పంచేసింది, చెరొకీలు ఇంకా అక్కడ కాపురం ఉండగానే. 1838లో సైన్యం వచ్చి వాళ్ళని పడమటికి తోలేసింది. ఊళ్ళో ప్రభుత్వ టంకశాల తెరిచింది కూడా ఆ ఏడాదే. చౌరస్తాలో ఎటు చూసినా బంగారం కథే. చెరొకీల సంగతి మనమే పనిగట్టుకుని చదువుకోవాలి.

మాడిసన్ పత్తి ఊరు. 1860 నాటికి ఆ కౌంటీ జనంలో సగానికి పైగా బానిసలే. తెల్ల స్తంభాల మేడలన్నీ ఆ పత్తి డబ్బే. అంత అందంగా ఉందని అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనని నడిపిన జనరల్ షెర్మన్ ఈ ఊరిని తగలబెట్టకుండా వదిలేశాడని చెప్తుంటారు. అసలు 1864 నవంబర్‌లో ఇటు వచ్చింది ఆయన కింది జనరల్ స్లోకమ్ నడిపిన దళం, షెర్మన్ వేరే దారిన పోయాడు. రైల్వే స్టేషన్, పత్తి తగలబెట్టారు, ఇళ్ళ జోలికి పోలేదు. ఊరి పెద్ద జాషువా హిల్ రాష్ట్రం అమెరికా నుంచి విడిపోవడాన్ని వ్యతిరేకించినవాడు, పైగా షెర్మన్ తమ్ముడితో పరిచయం ఉన్నవాడు. అందం కంటే పలుకుబడే పని చేసి ఉంటుందని నా నమ్మకం.

అయినా నేను మాడిసన్‌కే ఓటేసేది మేడల కోసం కాదు, కోర్టు పక్కనున్న రోజ్ కాటేజ్ కోసం. బానిసగా పుట్టిన ఎడలైన్ రోజ్ 1891లో కట్టుకున్న చిన్న ఇల్లది. బట్టలుతికి, ఇస్త్రీ చేసి, మూటకి 50 సెంట్ల చొప్పున సంపాదించి పిల్లల్ని సాకింది. దాని పక్కనే 1810 ప్రాంతపు రోజర్స్ హౌస్. రెండిళ్ళూ ఒకే చోట చూస్తే మా మామయ్యగారి లాంటి పెద్దలకి కూడా వివరించి చెప్పాల్సిన పని ఉండదు. నల్లవాళ్ళ చరిత్రకి ఊళ్ళో వేరే మ్యూజియం కూడా ఉంది.

కవింగ్‌టన్ సంగతేంటి అంటారు. టీవీ షూటింగులు ఇష్టమైతే వెళ్ళండి, మాడిసన్ దారిలోనే తగుల్తుంది.

ఇక మన కమ్మింగ్. ఫోర్సైత్ కౌంటీలో వేలమంది తెలుగువాళ్ళం ఉన్నాం. అడ్రస్‌లో కమ్మింగ్ అని రాసుకుంటాం గానీ మనలో చాలామంది ఊరి పొలిమేర బయటే. కౌంటీ కేంద్రం అదే అయినా ఎవరూ చూడ్డానికి వెళ్ళరు. ఇక్కడా చెరొకీల భూమినే లాటరీ వేశారు. ఆ తర్వాత 1912లో రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి జైల్లోంచి ఈడ్చుకొచ్చి చంపారు. ఇద్దరు కుర్రాళ్ళని ఉరి తీశారు. కౌంటీలో ఉన్న దాదాపు 1,100 మంది నల్లవాళ్ళని బెదిరించి, ఇళ్ళూ చర్చిలూ తగలబెట్టి వెళ్ళగొట్టారు. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ చిన్న ఊరేగింపు తీస్తే రాళ్ళేశారు. వారం తిరిగేసరికి దాదాపు 20 వేల మంది వచ్చి నడిచారు. 1980లో 28 వేలున్న కౌంటీ జనాభా 2020కి రెండున్నర లక్షలు దాటింది. అందులో మనమూ ఉన్నాం.

రోజంతా గడపడానికి అక్కడేమీ లేదు కాబట్టి పోటీలో పెట్టడం లేదు. కానీ 2021లో ఎడ్వర్డ్స్ పేరుతో ఊరి నడిబొడ్డున ఒక ఫలకం పెట్టారు. డలోనెగాకి పోతూ అక్కడ పది నిమిషాలు ఆగొచ్చు.

పిల్లల గోల తప్పక డలోనెగాకే వెళ్తే, అక్టోబర్‌లో గోల్డ్ రష్ డేస్ జరిగే వారాంతం మాత్రం వద్దు. పార్కింగ్ టెన్షన్‌తోనే సగం రోజు పోతుంది.