స్టూడియో రికార్డా, కచేరీ టేపా, రేడియో రికార్డింగా: రోజూ వినడానికి ఏది మేలు?

త్యాగరాజస్వామి కాంభోజి కృతి ‘ఓ రంగశాయి’ని కచేరీలో ప్రధానంగా తీసుకుంటే ఆలాపన (మాటల్లేకుండా రాగాన్ని విప్పడం), వయొలిన్ వంతు, కృతి, నెరవల్ (ఒకే పంక్తిని రకరకాలుగా పాడటం), స్వరకల్పన (అప్పటికప్పుడు సరిగమలు అల్లడం), తని ఆవర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాల వంతు) అన్నీ కలిసి ముప్పావు గంట దాటడం మామూలే. ఎల్పీ (పెద్ద గ్రామఫోను రికార్డు) ఒక ముఖానికి పట్టేది 20 నుంచి 25 నిమిషాలు. అంతకుముందు వచ్చిన 10 అంగుళాల 78 ఆర్పీఎం ప్లేటులో అయితే ముఖానికి 3 నిమిషాల చిల్లర. రోజూ వినడానికి రికార్డింగు ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే: పాడేవారికి ఎంత చోటిచ్చారు, వినేవారికి ఎంత తీరిక ఉంది.

స్టూడియో రికార్డు చిన్న రచనలకు పెట్టింది పేరు. రామదాసు కీర్తనలు, అన్నమయ్య సంకీర్తనలు, దివ్యనామాలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు 5, 6 నిమిషాల్లో నిండుగా ఒదుగుతాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనల్లో ప్రతి మాటా అర్థమవుతుందంటే, ఆయన తెలుగు ఉచ్చారణతో పాటు దగ్గరగా పెట్టిన మైకుకూ అందులో వాటా ఉంది. ఘనరాగ పంచరత్నాలదీ అదే దారి. వాటి స్వర సాహిత్యాలు ముందే కట్టి ఉన్నవి, మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు అల్లే సంగీతానికి, చోటు తక్కువ. కాబట్టి స్టూడియోలో పాడినా పెద్దగా పోయేదేమీ లేదు. కృతి నేర్చుకునేవారికి, సాహిత్యం రాసుకుంటూ వినేవారికి స్టూడియో రికార్డును మించింది లేదు.

తోడి, కాంభోజి, శంకరాభరణం లాంటి పెద్ద రాగాల దగ్గరే చిక్కు. ఆలాపన నాలుగైదు నిమిషాలకు కుదించుకుపోతుంది, నెరవల్ రెండు మూడు ఆవృత్తాలతో సరి, తని ఆవర్తనానికి చాలా రికార్డుల్లో చోటే ఉండదు. క్యాసెట్లు, సీడీల కాలంలో వచ్చిన కొన్నింటికి ఎకో కూడా పూశారు. అది గమకం (స్వరాన్ని ఊపే తీరు) అంచును చెరిపేస్తుంది, మృదంగం బావిలోంచి వాయించినట్టు వినిపిస్తుంది. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారి తరం వారి 78 ప్లేట్ల సంగతి మాత్రం వేరు. మూడు నిమిషాలే ఉన్నాయని తెలిసి రాగం మూర్తిని నాలుగు పట్టుల్లో చూపించేవారు. రాగం గుర్తుపట్టడం నేర్చుకునే చెవికి అంతకన్నా మంచి పాఠం దొరకదు.

కచేరీ టేపులో ఈ కుదింపు ఉండదు. ‘భూలోక వైకుంఠమిదియని’ అనే చరణం దగ్గర నెరవల్ ఎత్తుకుని, అదే పంక్తిని కింది స్థాయి నుంచి తారస్థాయి దాకా పదేపదే నడిపిస్తుంటే, మొదటిసారి అందని మాట కూడా మూడోసారికి అందుతుంది. వయొలిన్ జవాబు, సభలో ‘భళా’ అన్న గొంతు, తని చివర ముక్తాయింపు పడ్డాక పల్లవి అందుకునే తీరు, ఇవన్నీ స్టూడియోలో పుట్టేవి కావు. ఎవరైనా ఒకటే ఎంచుకోమంటే ఓటు కచేరీ టేపుకే. కానీ దాన్ని వినడానికి తగినట్టు చేసుకోవాలంటే కాస్త పని ఉంది.

అన్నిటికన్నా ముందు శ్రుతి. బ్యాటరీలతో నడిచే రికార్డరులో బ్యాటరీ నీరసిస్తే టేపు నెమ్మదిగా కదులుతుంది. ఆ టేపును తర్వాత సరైన వేగంతో వినిపిస్తే పాట పరుగెడుతుంది, శ్రుతి హెచ్చుతుంది. ఒకటి శ్రుతి (సి) గాయకుడు కచేరీ చివరికి వచ్చేసరికి ఒకటిన్నర శ్రుతిలో (సి షార్ప్) వినిపిస్తే ఆయన పెంచుకున్నాడని కాదు, బ్యాటరీ అయిపోయిందని. ఒకటి నుంచి ఒకటిన్నరకు తేడా వేగంలో 5.95 శాతం. 3 శాతం తేడా ఉన్నా 60 నిమిషాల కచేరీ దాదాపు 2 నిమిషాలు ముందే ముగుస్తుంది.

సరిచేయడానికి తంబురా యాప్‌లో ఆ గాయకుడి అలవాటు శ్రుతి పెట్టి పక్కన మోగించాలి. షడ్జమం (స) మీద నిలిచినచోట రెండూ కలవకపోతే ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేరులో వేగం మార్చాలి. శ్రుతిని మాత్రమే మార్చే మీట వాడకూడదు, ఎందుకంటే తప్పింది శ్రుతి ఒక్కటే కాదు, కాలప్రమాణం (పాట నడిచే వేగం) కూడా. ఇంకో చిన్న లెక్క చాలామంది తప్పుతారు: ఒకటి శ్రుతి ఒకటిన్నరకు ఎక్కిపోతే తగ్గించాల్సింది 5.95 శాతం కాదు, 5.61 శాతం. శ్రుతి క్రమంగా ఎక్కుతూ పోయిన టేపును ఒకే అంకెతో సరిచేయడం కుదరదు. ఒక్కో పాటను విడగొట్టి దేని లెక్క దానికే చూసుకోవాలి.

రెండోది టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డు వాలు. రికార్డు చేసిన యంత్రంలో హెడ్డు ఏ కోణంలో ఉందో, వినే యంత్రంలోనూ అదే కోణంలో ఉండాలి. కొంచెం ఒరిగినా తంబురా జీరు, కమాను ఒరిపిడి పోయి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. హెడ్డు పక్కనుండే చిన్న మరను ఇనుము కాని స్క్రూడ్రైవరుతో కొద్దికొద్దిగా తిప్పుతూ, మోనోలో వింటూ, వయొలిన్ గరుకు బాగా తేలిన చోట ఆపాలి. అంతకుముందే హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. డాల్బీ (టేపు బుస తగ్గించే ఏర్పాటు) లేకుండా రికార్డు చేసిన టేపుకు వినేటప్పుడు డాల్బీ మీట వేస్తే పై స్వరాల వెలుగు తగ్గిపోతుంది.

కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు. గంటకు సుమారు 1 జీబీ అవుతుంది. అత్యధిక స్థాయి మైనస్ 6 డెసిబెల్ దగ్గర ఉంచాలి. ఆలాపన వింటూ స్థాయి పెట్టేస్తే తనిలో ఒక్క గట్టి దెబ్బకు శబ్దం పగులుతుంది. బుస తగ్గించే ఫిల్టరు విషయంలో చెయ్యి బిగబట్టాలి. తంబురా నాదం సన్నగా, ఎడతెగకుండా ఉంటుంది కనుక ఆ ఫిల్టరు దాన్ని కూడా బుసగానే లెక్కేసి చెరిపేస్తుంది. గాయకుడు ఊపిరి తీసుకున్న చోట తంబురా మాయమైతే ఫిల్టరు మితిమీరిందని గుర్తు. 6 డెసిబెల్ దాటకుండా వాడి, ముట్టుకోని మూలప్రతిని విడిగా దాచుకోవాలి.

ఇంత చేసినా సరికానిది ఒకటుంది. 90 నిమిషాల క్యాసెట్ ముఖానికి 45 నిమిషాలు. సరిగ్గా స్వరకల్పన ఊపందుకున్న చోట టేపు అయిపోయి, తిప్పి వేసేలోగా పోయిన ఒకటి రెండు నిమిషాలు ఎక్కడా దొరకవు. మృదంగం మైకు పక్కనే కూర్చుని చేసిన రికార్డింగులో గాత్రం వెనకబడటమూ అంతే.

రేడియో రికార్డింగు ఈ రెంటికీ మధ్యస్థం. ఆకాశవాణి కచేరీ తరచు అరగంట, జాతీయ సంగీత కార్యక్రమమైతే ఇంకా ఎక్కువసేపు. స్టూడియో నిశ్శబ్దం ఉంటుంది, కచేరీ మనోధర్మం ఉంటుంది, ఎకో ఉండదు. చప్పట్ల కోసం పాడాల్సిన పని లేనందువల్ల కొందరు విద్వాంసులు రేడియోలోనే నింపాదిగా పాడారు. వోలేటి వెంకటేశ్వర్లు గారి గానం తర్వాతి తరాలకు అందింది ఎక్కువగా ఆ రికార్డింగుల వల్లే. అయితే ఆకాశవాణి మూల టేపు నుంచి వచ్చిన ప్రతి వేరు, ఇంట్లో మీడియం వేవ్ సెట్టు నుంచి పట్టుకున్నది వేరు. రెండో దానిలో 5 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ మిగలదు. గాత్రానికి అది చాలు. వీణ మీటు పదును, వేణువు ఊపిరి మాత్రం అందులో వెతుక్కోవాల్సిందే. ఈమని శంకరశాస్త్రి వీణ వినాలంటే మూల టేపు ప్రతో, ఎల్పీనో చూసుకోవడం మంచిది.

స్ట్రీమింగ్ యాప్‌లలో స్టూడియో ఆల్బములు సులువుగా దొరుకుతాయి. ఇబ్బంది అల్లా ఆలాపనను ఒక ట్రాకుగా, కృతిని ఇంకో ట్రాకుగా కోసిపెట్టడం. షఫుల్ వేసి ఉంటే కల్యాణి ఆలాపన అయ్యాక తోడి కృతి మొదలవుతుంది! షఫుల్, ఆటోప్లే, క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాకు చివర ఇంకోదాన్ని కలిపేది) మూడూ ఆపేసి, గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా వినిపించేది) ఉంటే అది వేసుకోవాలి. ఫోను స్పీకరులో మృదంగం ఎడమవైపు గుమికి (లోతైన మోతకు) అసలు చోటే లేదు, పదిహేను వందల రూపాయల ఇయర్‌ఫోన్లయినా అంతకన్నా నయం.

పొద్దున్న అరగంట దొరికేవారికి రేడియో కచేరీ సరిగ్గా సరిపోతుంది, పావుగంటే ఉంటే స్టూడియో కీర్తనలు మూడు. కచేరీ టేపును ఆఫీసు దారిలో ముక్కలుగా వినకపోవడమే మంచిది. తప్పకపోతే ఆలాపన మధ్యలో కాకుండా తని మొదలయ్యే ముందు ఆపుకోవచ్చు, సాయంత్రం అక్కడి నుంచి అందుకున్నా తాళం దొరుకుతుంది. ఫైలు పేరులో రాగం, కృతి, గాయకుడు, సరిచేసిన శ్రుతి రాసి పెట్టుకుంటే ఆ ‘ఓ రంగశాయి’ని మళ్లీ వెతుక్కునే పని ఉండదు.