ముందు వరుసలో పెద్దసారు: ఒక రోజు ‘నైతిక ధైర్యం’ శిక్షణ గురించి

పోయిన నెల మా ఫ్యాక్టరీలో క్వాలిటీ, స్టోర్స్, ప్రొడక్షన్ విభాగాల నుంచి ముప్ఫై మందిని కూర్చోబెట్టి, తప్పు కనబడితే నోరు విప్పడం ఎలా అన్న విషయం మీద రోజంతా శిక్షణ ఇప్పించారు. శిక్షణ సంస్థ పేరు రాయను. ఇలాంటి వాళ్లను పిలిపించే ఆలోచనలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఈ నాలుగు మాటలు.

పద్నాలుగేళ్లుగా మందుల కంపెనీల ల్యాబుల్లో పనిచేస్తున్నాను. వెనకటి ఉద్యోగంలో ఒకసారి, తెల్లారితే ఆడిట్ అనగా, త్రాసు లాగ్‌బుక్కులో మూడు రోజుల గడులు ఖాళీగా కనిపించాయి. "కాస్త నింపేయమ్మా" అన్నారు సారు, మంచినీళ్లు అందించమన్నంత తేలిగ్గా. పాత తేదీలు వేసి నింపాను. ఒకే రోజు రాసినట్టు తెలియకుండా రెండు పెన్నులు మార్చాను కూడా. బెదిరించారా అంటే లేదు. గదిలో ఇంకో నలుగురు ఉన్నారు, ఒక్కరూ తల ఎత్తలేదు. అందుకే ఈ శిక్షణకు ఆసక్తిగానే వెళ్లాను.

పొద్దున మిల్‌గ్రామ్ ప్రయోగంతో మొదలుపెట్టారు. ప్రయోగం నడిపే పెద్దాయన చెప్పాడని, నలభై మందిలో 26 మంది అవతలి మనిషికి 450 వోల్టుల దాకా షాక్ ఇస్తున్నామనుకుంటూ మీట నొక్కారు. దీన్ని చెప్పి "ధైర్యం మీలోనే ఉంది, దాన్ని నిద్రలేపండి" అన్నారు శిక్షకులు. అదే పరిశోధనలో, పక్కన కూర్చున్న ఇద్దరు మేం చేయం అని లేచిపోయినప్పుడు నలభై మందిలో చివరిదాకా వెళ్లింది నలుగురే. ఆ సగం చెప్పలేదు. నాకైతే అసలు సంగతి ఆ సగంలోనే ఉంది.

విచిత్రం ఏమిటంటే, దాన్ని వాళ్లే మా కళ్ల ముందు చేసి చూపించారు. 1951 నాటి యాష్ ప్రయోగం. గోడ మీద మూడు గీతలు వేసి, నాలుగోది దేనితో సమానమో చెప్పమన్నారు. ఐదుగురికి ముందే తప్పు జవాబు నేర్పి, మా కొత్త ఎనలిస్టును చివర నిలబెట్టారు. పాపం, ఆ అబ్బాయి గీతలను చూశాడు, ఐదుగురినీ చూశాడు, గొంతు సవరించుకుని తప్పు జవాబే చెప్పాడు. రెండోసారి ఐదుగురిలో ఒకరి చేత నిజం చెప్పించారు. ఈసారి అబ్బాయి తడుముకోలేదు. ఈ పది నిమిషాల కోసమైనా వెళ్లవచ్చు.

తర్వాత ఛాలెంజర్ వీడియో. 1986 జనవరి 28న అంతరిక్ష నౌక పేలి ఏడుగురు చనిపోయిన సంగతి, చలికి రబ్బరు రింగులు సరిగా పనిచేయకపోవచ్చని ముందు రాత్రే ఇంజినీర్లు హెచ్చరించిన సంగతి. "వాళ్లు చెప్పారు కదండీ, పైవాళ్లే వినలేదు కదా" అని ప్రొడక్షన్ ఆయన అడిగారు. "మంచి ప్రశ్న" అని టీ విరామం ఇచ్చేశారు.

మధ్యాహ్నం జంటలుగా విడదీసి మాటలు సాధన చేయించారు. "సార్, పాత తేదీ వేయలేను. ఆలస్యంగా రాస్తున్నామని కారణం చూపి ఈ రోజు తేదీతోనే నమోదు చేద్దాం." ఇది పదిసార్లు పైకి అన్నాను. మూడోసారి దాకా గొంతు వణికింది, పదోసారి మామూలు మాటలా వచ్చింది. శిక్షణలో మెచ్చుకోదగ్గ రెండో విషయం ఇది.

ఇక లోపాలు. మా ప్లాంట్ హెడ్‌గారిని ముందు వరుసలో కూర్చోబెట్టి, "మీకు ఎదురైన అనుభవం చెప్పండి" అని మమ్మల్ని అడిగారు. ఎవరు చెబుతారు? ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో రోజంతా ఒక్క మాట లేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీల్లో, అంటే షేర్ మార్కెట్‌లో నమోదైన వాటిలో, అందుకు ఏర్పాటు ఉండి తీరాలి, తప్పనిసరైతే నేరుగా ఆడిట్ కమిటీ చైర్మన్‌కే చెప్పుకునే దారీ ఉండాలి. మాది లిస్టెడ్ కంపెనీయే. భోజనం మాత్రం బాగుంది, ముఖ్యంగా గోంగూర పప్పు.

చివర అభిప్రాయం రాయమని కాగితం ఇచ్చారు. పైన మొదటి గడి: ఉద్యోగి నంబరు. నవ్వొచ్చింది. నంబరు వేసి, ఐదుకు మూడు మార్కులిచ్చి, ‘పై అధికారులకు వేరే రోజు పెట్టండి’ అని రాశాను. పక్కనున్న స్టోర్స్ ఆయన నా కాగితంలోకి తొంగిచూసి, తాను వేసిన ఐదును కొట్టేసి నాలుగు చేశారు.